కళ్ళంలోకి వెళ్లేముందు

అక్టోబరు నెల చివరి ఆదివారం ఉదయం, ఢిల్లీ దగ్గర ఫరూఖ్‌నగర్ దాటిన తరువాత కాలువ పక్కనున్న పొలంలో, గట్టు మీదుగా వరుసగా నడిచినవారు పదకొండు మంది. అందరికంటే ముందు ఢిల్లీ తెలుగువారి మిత్రమండలి అధ్యక్షులు సదాశివరావుగారు. కేంద్ర ప్రభుత్వంలో ఉపకార్యదర్శిగా పదవీ విరమణ చేసి పదహారేళ్లు గడిచినా, ఆయన నడకలో వెనుక ఎవరో ఫైలు పట్టుకుని వస్తున్నారన్న ధీమా తగ్గలేదు. ఆయన వెనుక రెండడుగుల దూరంలో ఆ పొలం సాగుచేసే సిలాసు. మూడవవాడు మండలి కార్యదర్శి కిరీటి. నాలుగు మొదలు ఎనిమిది వరకు నగరంలోని సాకేత్ నుంచి వచ్చిన ఐదుగురు స్త్రీలు. తొమ్మిదవ మనిషి సిలాసు భార్య సరళకుమారి, చేతిలో మజ్జిగ క్యానుతో. పదవ మనిషి తేజశ్రీ. చివరివాడు ఆమె భర్త చిట్టిబాబు. గట్టు ఒక మనిషి వెడల్పుకు మించి లేదు గనుక ఎవరూ ఎవరినీ దాటిపోయే వీలు లేదు.

సిలాసుది బాపట్ల దగ్గరి పల్లె. సరళకుమారికి ఢిల్లీలో ఒక ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం దొరికినప్పుడు ఆమె వెంట వచ్చాడు. పదేళ్లు అదే ఆసుపత్రిలో స్ట్రెచర్లు తోశాడు. మందుల వాసన మొహం మొత్తిన తరువాత, ఓంవీర్ అనే రైతు దగ్గర నాలుగెకరాలు కౌలుకు తీసుకుని గోంగూర, దోస, దొండ వేశాడు. ఒక మడిలో ఊరినుంచి తెచ్చిన సాంబమసూరి నారు పోసి, ఈ గాలికి అది గింజ కట్టదని నవ్వినవాళ్ల ఎదుటే పండించాడు.

అయితే చుట్టుపక్కల భూములు ఒక్కొక్కటే ప్లాట్లుగా మారిపోతున్నాయి. రెండు పొలాల అవతలే ఇరవై అంతస్తుల భవనాలు లేచాయి. ఓంవీర్ దగ్గరకు కాలనీలు కట్టేవాళ్లు వారం వారం వచ్చి టీ తాగి పోతున్నారు. అటువంటి సమయంలో సిలాసుకు ఒక ఆలోచన తట్టింది. ఆదివారం పూట తెలుగువాళ్లెవరైనా వచ్చి పొలం చూడవచ్చునని, తమ చేతులతోనే గోంగూర కోసుకోవచ్చునని వాట్సాప్‌లో కబురు పెట్టాడు. జనం వచ్చారు. కార్లు దిగినవాళ్లు మట్టిని చేతుల్లోకి తీసుకుని ఫోటోలు దిగుతుంటే ఓంవీర్ మంచం వాల్చుకుని కూర్చుని మీసం దువ్వుకున్నాడు. ఈ రౌనక్, ఈ కళకళ ఇలాగే ఉంటే భూమి అమ్మనని, మరో ఐదేళ్లు సిలాసుకే ఉంచుతానని నలుగురి ముందు మాట ఇచ్చాడు. ఆనాటినుంచి పొలానికి వచ్చే ప్రతి మనిషి, ఆ భూమిని తన కాళ్లకింద నిలిపి ఉంచే ఒక గుంజలాగ కనిపించసాగాడు సిలాసుకు.

మొదటి ఆదివారమే ఒక పెద్దావిడ తులసికోట ఎక్కడుందని అడిగింది. లేదని చెప్పాడు. "ఓ, మీరు చర్చివాళ్లా" అని ఆవిడ నవ్వుతూనే అన్నది. ఆ మాటలో విషమేమీ లేదు. కాని మరుసటి వారం వచ్చినవారు సగానికి తగ్గారు. దానికీ దీనికీ సంబంధం ఉన్నదో లేదో సిలాసుకు ఏనాటికీ తెలియలేదు. అది మొదలు అతిథుల ఆచారాల జోలికి పోకూడదని, వారేం చెబితే దానికి తల ఊపాలని తనకు తానే ఒక నియమం పెట్టుకున్నాడు.

ఇంకొక సంగతి ఉంది. మూడు వారాల కిందట ట్రాక్టరుతో దుక్కి దున్నిస్తున్నప్పుడు రోటవేటరు పళ్లకు తగులుకుని మోటారు ఎర్త్ తీగ తెగిపోయింది. సిలాసు రెండు కొసలూ మెలిపెట్టి మట్టి కప్పాడు. తెల్లవారుజామున, మంచు తడిలో, బోరు ఇనుప గొట్టం ముట్టుకుంటే మోచేతి దాకా చీమలు పాకినట్టు ఉండేది. ఓంవీర్‌తో చెబితే గోధుమ విత్తనం పడ్డాక మెకానిక్‌ను పిలుద్దామన్నాడు. సిలాసు రబ్బరు బూట్లు తొడుక్కుని పని సాగించాడు. సరళకుమారి రెండుసార్లు గట్టిగానే చెప్పింది, జనం వచ్చే చోట ఇదేం పని అని. సిలాసు దానికీ ఒక ఉపాయం కనిపెట్టాడు. వచ్చినవారందరితో, ఇక్కడ పాములు తిరుగుతాయి, ఎవరూ కాళ్లకున్నవి విప్పవద్దని చెప్పేవాడు. కరెంటు మాట చెబితే భయపడి మళ్లీ రారు. పాము మాట చెబితే ఇంకాస్త ముచ్చటపడతారు. రెండు ఆదివారాలు ఆ ఉపాయం బాగానే పనిచేసింది.

ఆనాడు కోతలు పూర్తయి, కళ్ళంలో సాంబమసూరి ధాన్యం రాశి పోసి ఉన్నది. ఢిల్లీ పొలిమేరల్లో మనవైపు ధాన్యపు రాశి అని మండలివారు ప్రత్యేకంగా దానికోసమే వచ్చారు. గట్టు చివర, కళ్ళానికి పది గజాల ఇవతల సదాశివరావుగారు ఆగారు. ఆయన ఆగగానే వెనుక వరుస అంతా ఆగింది.

"సిలాసూ, మనవైపు కళ్ళంలోకి చెప్పులతో అడుగుపెట్టరు. నీకు తెలియని సంగతి కాదు. అందరూ ఇక్కడే విప్పి, ఆ బోరు నీళ్ల దగ్గర కాళ్లు కడుక్కుని వస్తారు."

సిలాసు పాముల మాట ఎత్తాడు.

"పట్టపగలు పదకొండు మంది నడుస్తుంటే ఏ పామయ్యా వచ్చేది? మా నాయనగారి కళ్ళంలోకి కలెక్టరు వచ్చినా బూట్లు విప్పే వచ్చాడు."

స్త్రీలు నవ్వారు. కిరీటి అప్పటికే వంగి బూట్ల లేసులు విప్పుతున్నాడు. సిలాసుకు నాలుక చివరిదాకా వచ్చింది అసలు మాట. రాశి ముందు కాళ్లు కడుక్కోవడం తన తండ్రి చేసిన పనే, తాను పెరిగిన ఆచారమే. అది వద్దంటే, చర్చివాడు గనుక వద్దంటున్నాడనుకుంటారేమోనని ఒక భయం. కరెంటు లీకవుతోందని చెబితే ఇన్నాళ్లూ పాములని అబద్ధం చెప్పి రప్పించాడన్న సంగతి బయటపడుతుందని ఇంకొక భయం. ఈ రెండింటి మధ్యా నోరు పెగలలేదు. మాటతో పనిలేకుండా, వెళ్లి మోటారు కట్టేస్తే సరిపోతుందనుకున్నాడు. స్టార్టరు ఉన్న రేకుల షెడ్డు ఇరవై అడుగుల దూరంలో ఉన్నది.

ఒకరి తరువాత ఒకరు బోరునుంచి పిల్లకాలువలో పారుతున్న నీళ్లతో కాళ్లు కడుక్కుని కళ్ళంలోకి వెళ్తున్నారు. తేజశ్రీ మాత్రం ధారగా పడుతున్న నీళ్ల దగ్గరకే పోయి, ఇటుక మీద నిలబడి, ఇనుప గొట్టం పట్టుకుని, వెంటనే చెయ్యి తీసేసింది.

"బాబోయ్, చీమలు పాకినట్టుంది చేతికి."

లోతునుంచి వచ్చే నీటికి ఆ చలువ ఉంటుందని సదాశివరావుగారు వివరించారు. మళ్లీ నవ్వులు. ఆ మాట సిలాసు చెవిన స్పష్టంగా పడింది. అతడు షెడ్డు వైపు గబగబా నాలుగడుగులు వేశాడు.

"ఎక్కడికయ్యా సిలాసూ? ఈ ధాన్యం కథ నువ్వే చెప్పాలి. నీ రాశి ఇది."

ఆ పిలుపులో ఆజ్ఞ ఉన్నది, ఆదరమూ ఉన్నది. నీ రాశి అని అంతమందిలో ఆ పెద్దమనిషి అనడం సిలాసుకు మెడలో దండ పడినట్టయింది. ఒక్క నిమిషమే కదా అనుకుని వెనుదిరిగాడు.

చిట్టిబాబు అందరి పాదరక్షలూ జతలుగా సర్ది, అందరికంటే ఆఖరున వచ్చాడు. అప్పటికి గొట్టం చుట్టూ నేల బురద అయి ఉన్నది. ఆ బురదలో నిలబడి, ఒక కాలు ఎత్తి కడుక్కుంటూ, జారిపోకుండా రెండు చేతులతో గొట్టం పట్టుకున్నాడు.

అతడు అరవలేదు. అరచి ఉంటే ముందే తెలిసేది. సిలాసు సాంబమసూరి గింజ పొడవు గురించి చెబుతూ చెబుతూ తల తిప్పేసరికి, చిట్టిబాబు గొట్టాన్ని కౌగిలించుకున్నట్టు ఒరిగి, సన్నగా వణుకుతున్నాడు. సిలాసు పరుగెత్తి షెడ్డులో మీట దించాడు. నీళ్ల చప్పుడు ఆగిపోయింది. మనిషి బురదలోకి జారాడు.

సరళకుమారి మజ్జిగ క్యాను ఎక్కడ వదిలేసిందో ఆమెకే తెలియదు. చీర కుచ్చిళ్లు దోపుకుని మోకాళ్ల మీద కూర్చుని, రెండు అరచేతులతో అతడి రొమ్ము అదమడం మొదలుపెట్టింది. పైకి లెక్కపెడుతూనే ఉన్నది. కిరీటి కారు తెచ్చాడు. కారు వెనుక సీట్లోనూ ఆమె ఆపలేదు. గురుగ్రామ్ చేరేవరకు నలభై నిమిషాలు ఆ లెక్క సాగుతూనే ఉన్నదని, తేజశ్రీ భర్త పాదాలు ఒళ్లో పెట్టుకుని అంతసేపూ తుడుస్తూనే కూర్చున్నదని కిరీటి తరువాత చెప్పాడు. ఆసుపత్రిలో డాక్టరు రెండు నిమిషాలు చూసి గడియారం వైపు చూశాడు. చిట్టిబాబుకు ముప్ఫై ఒక్కటి. పెళ్లయి ఏడాదిన్నర.

సాయంత్రం పోలీసు చౌకీలో విచారణ జరిగింది. బూట్లు విప్పమన్నదెవరని ఇన్‌స్పెక్టరు హిందీలో అడిగాడు. సదాశివరావుగారు కుర్చీలోంచి లేచి నిలబడి, నేను అన్నారు. కూర్చోమన్నా కూర్చోలేదు. ఎవరికి ఇష్టం ఉన్నదో లేదో కనుక్కోకుండా తానే ఆదేశించానని, రైతు వద్దనే ప్రయత్నం చేస్తే తానే కొట్టిపారేశానని, ఇంగ్లీషులో ఒక పేజీ రాసి సంతకం చేసి ఇచ్చారు. కరెంటు శాఖనుంచి వచ్చిన ఉద్యోగి తెగిన తీగను చూసి, దున్నకంలో తెగినట్టున్నదని రాశాడు. ఎప్పుడు తెగిందని అతడు అడగలేదు. సిలాసు చెప్పలేదు. ప్రమాదం అని కాగితాల మీద పడింది. అంతటితో అయిపోయింది.

ఆ పెద్దాయన పుణ్యమా అని నీ మెడకు ఉచ్చు తప్పిందని ఓంవీర్ భుజం తట్టాడు. నోరు కుట్టేసుకుని ఒక నెల ఉండు, ఆ తరువాత ఆదివారాలు మళ్లీ మొదలుపెట్టుకుందువు, ఈసారి మోటారు చుట్టూ తడికె కట్టిద్దాం అన్నాడు. పది రోజుల్లో మెకానిక్ వచ్చి ఎర్త్ కొత్తగా వేసి వెళ్లాడు. పని మొత్తం గంటలో ముగిసింది. ఆ గంటసేపూ సిలాసు పక్కనే నిలబడి చూశాడు.

సరళకుమారి ఆ ఆదివారం తరువాత భర్తతో పనికి కావలసినంత మాత్రమే మాట్లాడింది. ఆసుపత్రినుంచి వచ్చేది, వండేది, ప్రార్థన చేసుకునేది. ప్రార్థనలో ఇదివరకు పైకి చెప్పే మాటలు ఇప్పుడు లోపలే చెప్పుకుంటున్నది. ఒకనాడు అన్నం పెడుతూ అన్నది.

"కిరీటిగారు ఫోను చేశారు. పెద్దాయన మండలికి రాజీనామా ఇచ్చారంట. రోజూ సాయంత్రం కిరీటిగారికి ఫోను చేసి ఒకటే అడుగుతున్నారంట. విప్పండి అన్నానా, విప్పితే బాగుంటుంది అన్నానా అని. కిరీటిగారేం చెప్పినా మర్నాడు మళ్లీ అదే."

సిలాసు ముద్ద కలుపుతూ ఆగిపోయాడు.

"నేను అతని గుండె మీద చేతులేసి నొక్కేటప్పుడు, ఏవండీ, నాకు తెలుసని నాకు తెలుస్తానే ఉంది. మీకూ తెలుసు. ఆ ముసలాయనకి మాత్రం తెలీదు."

"చెబితే పొలం పోద్ది సరళా. నన్ను లోపలేస్తారు."

ఆమె కంచంలో ఇంకొంచెం పులుసు పోసి లేచిపోయింది.

నవంబరు నాలుగవ ఆదివారం సాకేత్‌లో ఒక చిన్న హాలులో సంతాపసభ పెట్టారు. తేజశ్రీ తండ్రి కేశవరావుగారు కాకినాడనుంచి వచ్చి కూతురి పక్కన కూర్చున్నారు. సభకు అధ్యక్షత వహించనని సదాశివరావుగారు ఎంత చెప్పినా, కొత్త అధ్యక్షుణ్ణి ఇంకా ఎన్నుకోలేదు గనుక ఆయననే కూర్చోబెట్టారు. ఆయన చొక్కా మెడ దగ్గర వదులైంది. చిట్టిబాబు గురించి నలుగురు నాలుగు మంచిమాటలు చెప్పారు. చివరికి ఆయన లేచి, ఈ మరణానికి తాను బాధ్యుణ్ణని, ఆచారం పేరిట తాను చేసిన నిర్బంధమే ఒక ఇంటి దీపం ఆర్పిందని, కేశవరావుగారికి మూడు ఉత్తరాలు రాశానని, జవాబు ఆశించే అర్హత తనకు లేదని చెప్పసాగారు. ఆయన మాటలు ఎప్పటిలాగే పూర్తి వాక్యాలే. కాని ఒక్కో వాక్యానికీ మధ్య, తడుముకుంటున్న మనిషికి పట్టేంత వ్యవధి పట్టింది.

వెనుక వరుసలో కూర్చున్న సిలాసు లేచాడు. సరళకుమారి తల తిప్పలేదు. దారి ఇవ్వడానికి మోకాళ్లు మాత్రం పక్కకు తీసుకున్నది.

"అయ్యా, మీరు కూర్చోండి. తీగ తెగి అప్పటికే మూడు వారాలైంది. గొట్టం కరెంటు కొడతందని నాకు ముందే తెలుసు. పాములని చెప్పింది అందుకే. ఆవేళ చెప్పలేదు. మీరు బూట్లు విప్పమన్నా, నేను ఒక్క మాటంటే అందరూ మళ్లీ తొడుక్కునేవాళ్లు. నేను అన్లేదు."

హాలులో ఎవరో కుర్చీ జరిపారు. సదాశివరావుగారు కూర్చోలేదు. ఆయన ముఖంలో బరువు దిగిన జాడ కూడా కనిపించలేదు. కచేరీలో విచారణ జరిపే అధికారిలాగా, తొణకకుండా అడిగారు.

"ఈ అమ్మాయి, చేతికి చీమలు పాకినట్టుంది అన్నది. విన్నావా?"

"విన్నానండి."

"అప్పుడేం చేశావు?"

"మోటారు కట్టేద్దామని బయల్దేరాను."

"కట్టేశావా?"

ఆయన అక్కడితో ఆపేసి ఉంటే బాగుండునని సిలాసుకు అనిపించింది. తన తప్పు తాను చెప్పుకోవడానికి వచ్చాడే గాని, ఈ మాట ఆయన చేత అడిగించుకోవడానికి రాలేదు.

"మీరు పిలిచారు సార్."

"నేను పిలవకపోయి ఉంటే?"

"వెళ్లేవాణ్ణి."

సదాశివరావుగారు ఆ మాటను విని, తల ఒకసారి పంకించి, అప్పుడు కూర్చున్నారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. కేశవరావుగారు లేచి సిలాసు వైపు ఒక అడుగు వేశారు. కొడతారని అందరూ అనుకున్నారు. తేజశ్రీ తండ్రి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"పోలీసులకి చెప్తారా?" అని ఆమె సిలాసును అడిగింది.

"రేపు పొద్దున్నే పోతానమ్మా. పొలం ఓంవీర్‌కి అప్పజెప్పేసి ఇటే వచ్చాను."

అది నిజమే. ఆ ఉదయం ఓంవీర్ ముందు తిట్టాడు, తరువాత బతిమాలాడు, చివరకు తాళంచెవి తీసుకుని, సాంబమసూరి గడ్డివామిని పశువులకు తోలుకుపొమ్మని పొరుగువాడికి కేక వేశాడు. అమ్మకం మాటలకు రమ్మని కాలనీలు కట్టేవాళ్లకు ఫోను చేయడం సిలాసు గేటు దాటకముందే అతడి చెవిన పడింది.

సభలో ఒకరిద్దరు, ఇప్పుడు కేసు తిరగతోడితే మండలికి అప్రతిష్ఠ అని గొణిగారు. కిరీటి మినిట్స్ పుస్తకం తెరిచి, ఏం రాయమంటారని సదాశివరావుగారిని అడిగాడు. ఉన్నది ఉన్నట్టు రాయమని, దాని నకలు ఒకటి పోలీసులకు పంపమని, సిలాసును తాను వెనక్కి పిలిచిన సంగతి కూడా తన పేరుతో విడిగా ఇంకొక కాగితం మీద రాసి దానికి జతచేయమని ఆయన అన్నారు. కిరీటి అలవాటు ప్రకారం, సభ కృతజ్ఞతాపూర్వకంగా అని మొదలుపెట్టాడు. తేజశ్రీ ముందుకు వంగి చూసింది.

"అన్నయ్యా, థాంక్స్ అని మాత్రం రాయొద్దు. ఆయన వచ్చి చెప్పాడని రాయండి. అంతే రాయండి."

కిరీటి ఆ మాట కొట్టేసి, కొత్త పేజీ తీసి, సదాశివరావుగారు చెబుతుండగా రాశాడు. తేజశ్రీ చదివి చూసి, కింద సాక్షి అన్నచోట మొదటి సంతకం తానే చేసింది. ఆ పేజీలో ఉన్నది ఇది:

"ఈ సభలో బాపట్ల వాస్తవ్యులు, ఇటీవలివరకు ఫరూఖ్‌నగర్ సమీపాన వ్యవసాయం చేసిన శ్రీ సిలాసు, చిట్టిబాబు మరణానికి కారణమైన విద్యుత్ లోపం తనకు మూడు వారాల ముందునుంచే తెలుసుననీ, ఆనాడు హెచ్చరించగలిగి ఉండీ హెచ్చరించలేదనీ, పోలీసు విచారణ ముగిసిపోయిన తరువాత, ఎవరి ఒత్తిడీ లేకుండా, మృతుని భార్య ఎదుట నిలబడి, తన నోటితో తానే చెప్పినారు. ఆయన ఈ విధంగా చెప్పినారని సభ గుర్తించి, నమోదు చేయుచున్నది."